టెంకలు డంప్ చేశారా, డిస్పోజ్ చేశారా?

ప్రశ్న: సార్, చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ రికార్డులు రాసే పని నాది. డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివాను. ఈ సీజన్‌లో గుజ్జు కొనే కంపెనీ తరఫున ఆడిట్‌కు ఒకాయన వచ్చారు. నా రిజిస్టర్‌లో తొక్కలు, టెంకలు 'డంప్' చేశామనీ, కుళ్లిన కాయలు 'ఎలిమినేట్' చేశామనీ, సొట్టపడిన డ్రమ్ములు 'డిస్పోజ్' చేశామనీ ఉంది. ఆ మూడు మాటల మీదే మధ్యాహ్నం దాకా ప్రశ్నలు వేశారు. ఆయన వెళ్లాక మా మేనేజర్ 'అన్నీ రిమూవ్ అని మార్చెయ్, గొడవుండదు' అన్నారు. డిక్షనరీ తీస్తే అన్నిటికీ పారవేయు, తొలగించు, వదిలించుకొను అనే ఉంది. ఇది చాలదన్నట్టు మా నాన్న భూమి కేసు స్టేటస్ ఫోన్‌లో చూస్తే 'డిస్పోజ్డ్' అని వచ్చింది. కేసు కొట్టేశారనుకుని ఇంట్లో ఒకటే టెన్షన్. ఈ మాటలకు తేడా ఏమిటి? పాత ఎంట్రీలు మార్చేయమంటారా?
(ఒక పాఠకురాలు, చిత్తూరు)

జవాబు: అమ్మా, ఫ్యాక్టరీ సంగతి నిదానంగా మాట్లాడుకోవచ్చు. నాన్నగారి కేసు ముందు తేల్చేద్దాం, ఇంట్లోవాళ్లు నిద్రపోవాలి కదా.

కోర్టు యాప్‌లో 'కేస్ డిస్పోజ్డ్' అని కనిపిస్తే దానర్థం ఒక్కటే: ఆ కోర్టులో ఆ కేసు ముగిసింది. ఎవరు గెలిచారన్నది ఆ మాటలో లేదు. గెలిచిన కేసూ డిస్పోజ్డే, ఓడిన కేసూ డిస్పోజ్డే, ఇరుపక్షాలూ రాజీపడి ముగించుకున్న కేసూ డిస్పోజ్డే. అదే పేజీలో 'నేచర్ ఆఫ్ డిస్పోజల్' అని ఇంకో వరుస ఉంటుంది, అది చూడండి. 'డిక్రీడ్' అనో 'అలౌడ్' అనో ఉంటే, కేసు వేసినవారు అడిగినదానికి కోర్టు ఒప్పుకున్నట్టు. 'డిస్మిస్డ్' అని ఉంటేనే మనం అనుకునే 'కొట్టేశారు'. అప్పుడైనా కేసు వేసింది నాన్నగారా, అవతలివాళ్లా అన్నది చూసుకోవాలి. మీరు ఆ సంగతి రాయలేదు. అవతలివాళ్లు వేసిన కేసైతే 'డిస్మిస్డ్' అన్నది మీ ఇంటికి మంచి కబురే.

ఒకవేళ 'డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్' అని ఉండి, కేసు వేసింది నాన్నగారే అయితే మాత్రం ఆలస్యం చేయకండి. వాయిదాకు కేసు వేసినవారు హాజరు కాకపోతే కోర్టు అలా కొట్టేస్తుంది. గైర్హాజరుకు తగిన కారణం చూపించి కేసును తిరిగి తెరిపించుకోవడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ ఆర్డర్, 9వ రూల్ దారి చూపిస్తుంది. గడువు మాత్రం కొట్టేసిన తేదీ నుంచి 30 రోజులు. వెంటనే లాయర్‌ను కలవండి.  

మరి చెత్తకు వాడే మాట కోర్టులోకి ఎలా వచ్చిందని మీరు అడగొచ్చు. నిజానికి ప్రయాణం అటునుంచి ఇటు. 'డిస్పోజ్' అన్నదానికి పాత అర్థం అమర్చడం, ఎక్కడిది అక్కడ సర్దడం, ఒక కొలిక్కి తేవడం. 'మ్యాన్ ప్రపోజెస్, గాడ్ డిస్పోజెస్' అని ఇంగ్లీషువాళ్ల సామెత. మనం 'తానొకటి తలచిన దైవమొకటి తలచును' అంటాం. అక్కడ దేవుడు దేన్నీ పారేయడం లేదు, ఏది ఎలా జరగాలో తేలుస్తున్నాడు. 'ఎట్ యువర్ డిస్పోజల్' అంటే మీ చేతిలో ఉంది, మీరెలా వాడుకున్నా సరే అని. ఈ అర్థం పట్టుకుంటే మిగతావన్నీ సులువు. డిస్పోజ్ అంటే ఒక వస్తువు విషయాన్ని పద్ధతిగా ముగించడం. అమ్మినా ముగించినట్టే, ఎవరికైనా ఇచ్చేసినా ముగించినట్టే, పూడ్చినా కాల్చినా ముగించినట్టే.

మన దగ్గరే చూడండి. శేషాచలం అడవుల్లో పట్టుబడ్డ ఎర్రచందనం దుంగలను అటవీ శాఖ వేలం వేస్తుంది. సర్కారు కాగితాల్లో దాన్ని 'డిస్పోజల్ ఆఫ్ రెడ్ శాండర్స్' అంటారు. ఎర్రచందనాన్ని చెత్తకుప్పలో పోసే పిచ్చివాడు ఈ భూమ్మీద ఎవడైనా ఉంటాడా? తిరుమలలో భక్తులు ఇచ్చిన తలనీలాలను దేవస్థానం ఈ-వేలంలో అమ్మడం కూడా డిస్పోజలే. విలువైన వస్తువునైనా సరే, దానికొక దారి చూపించి లెక్క మూసేస్తే డిస్పోజ్ చేసినట్టు. కాబట్టి మీ డ్రమ్ముల ఎంట్రీ తప్పు కాదు, అసంపూర్ణం. 'డ్రమ్ములు డిస్పోజ్ చేశాం' అని చదవగానే ఆడిటర్ మనసులో పుట్టే ప్రశ్నలు ఇవి: ఎలా? ఎవరికి? కాగితం ఏది? ఆయన అడిగిందీ అదే అయ్యుంటుంది.

ఇంకొక చిన్న సంగతి. ఈ మాట వెనక 'ఆఫ్' తప్పనిసరి, ఆ ఆఫ్ స్పెల్లింగ్‌లో ఒకే ఒక్క 'ఎఫ్' ఉంటుంది. తెలుగులో రాస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి మనవాళ్లలో చాలామంది రెండు 'ఎఫ్'లు వేసేస్తారు. ప్రభుత్వ నోటీసుల్లో కూడా ఈ తప్పు చూస్తుంటాం. అసలు 'ఆఫ్' లేకుండా రాసేవాళ్లూ ఉన్నారు. కోర్టు స్టేటస్‌లో 'డిస్పోజ్డ్' అని ఒంటరిగా ఉన్నది చోటు కోసం కుదించిన మాట. రిజిస్టర్‌లో మీరు కుదించకండి.

ఇక డిక్షనరీ మీద మీ ఫిర్యాదు. తప్పు దానిది కాదు, దానికి దొరికే చోటు ఒక వరుసే. మీ నోట్లో ఉన్న తెలుగు మాత్రం అంత బీదది కాదు. బియ్యంలో రాళ్లు ఏరేస్తారు, చేనులో కలుపు పెరికేస్తారు, పలక మీద అక్షరం చెరిపేస్తారు, దుప్పటి దుమ్ము దులిపేస్తారు, జీవో రద్దు చేస్తారు, అప్పు మాఫీ చేస్తారు. బియ్యంలో రాళ్లు రద్దు చేశాను అని చిన్నపిల్ల కూడా అనదు. ఇంగ్లీషు మాటలు కూడా ఇలాగే ఒక్కోటి ఒక్కో పనికి పుట్టాయి. ఏది వాడాలో తేలనప్పుడు తెలుగు అర్థం వెతకడం మానేసి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ వస్తువు మన చేతిలోంచి వెళ్లాక ఎక్కడికి చేరింది? ఆ తర్వాత దానికి బాధ్యులెవరు? మళ్లీ తిరిగొచ్చే వీలుందా? మాట దాదాపు దానంతటదే దొరుకుతుంది.

మీ ఫ్యాక్టరీలోకి వచ్చిన ఒక తోతాపురి కాయనే తీసుకుందాం. లారీ దిగింది, మాగింది, కడిగారు, సార్టింగ్ బెల్టు మీదికి వచ్చింది. బెల్టు పక్కన నిలబడిన ఆడమనిషి ఆ కాయ కుళ్లిందని చూసి పక్క క్రేట్‌లో వేసింది. ఈ పనికి మాట 'రిజెక్ట్'. అంటే మన కొలతకు సరిపోలేదని తేల్చడం, అంతే. కాయ ఇంకా ఫ్యాక్టరీలోనే ఉంది. సాయంత్రం సూపర్‌వైజర్ ఆ క్రేట్ చూసి, ఇందులో దేనికీ పనికొచ్చేది లేదు, తీసెయ్యండి అన్నాడు. అప్పుడది 'డిస్కార్డ్' అయింది. మరుసటి రోజు ట్రాక్టర్‌లో కంపోస్ట్ గుంతకు చేర్చి, తూకం చీటీ తెచ్చుకున్నారు. అప్పుడది 'డిస్పోజ్డ్ ఆఫ్'. ఒకే కాయ మూడు మాటలూ దాటింది, ఒక్కో మాట దగ్గర ఒక్కో మనిషి సంతకం ఉండాలి. కాయ ఎక్కడో మధ్యలో మాయమైతే, అంటే రిజెక్ట్ అయిన సరుకు దొంగచాటుగా మళ్లీ లైన్‌లోకి వస్తే, ఏ సంతకం దగ్గర తప్పు జరిగిందో తెలియాలి. ఆడిటర్ పట్టుదలంతా దీనికోసమే, మీ ఇంగ్లీషు దిద్దడానికి కాదు.

డిస్కార్డ్ పుట్టింది పేకాటలో. చేతిలోని ముక్కల్లో నాకొద్దు అనుకున్నదాన్ని కింద పడేయడమే ఆ మాటకు మొదటి అర్థం. రమ్మీ ఆడేవాళ్లకు బాగా తెలుసు, మనం పడేసిన ముక్క కోసమే పక్కవాడు కాచుకుని ఉంటాడు. ముక్కలో లోపమేమీ లేదు, మన చేతికి అక్కర్లేదు, అంతే. కాబట్టి డిస్కార్డ్ అన్నది నిర్ణయాన్ని చెబుతుంది, చివరికి ఏమైందో చెప్పదు. ఆ రెండోది కూడా తెలియాల్సిన చోట డిస్కార్డ్ ఒక్కటే రాసి వదిలేయకూడదు.

డంప్ సంగతికొద్దాం. మీకు తిప్పలు తెచ్చిపెట్టింది ముఖ్యంగా ఇదే అని నా అనుమానం. తెలుగులో మనకు డంప్ అన్న మాట రెండు దారుల్లో వచ్చింది. ఒకటి డంపింగ్ యార్డ్. రెండోది పేపర్లలో చూసే డంప్: ఎర్రచందనం డంప్ స్వాధీనం, ఇసుక డంప్‌పై దాడి, అడవిలో ఆయుధాల డంప్. ఈ రెండో రకం పారేసింది కాదు, పోగేసింది, తరచుగా దాచిపెట్టింది కూడా. మిలిటరీ ఇంగ్లీషులో మందుగుండు నిల్వ చేసిన చోటును డంప్ అంటారు, మనవాళ్లు దాన్నే పట్టుకున్నారు. అందుకే మన చెవికి డంప్ చేయడం అంటే ఒకచోట కుప్పపోయడం, అందులో తప్పేముంది అనిపిస్తుంది. ఇంగ్లీషు చెవికి అలా వినపడదు. అక్కడ చెత్త విషయంలో డంప్ అంటే బాధ్యత లేకుండా ఎక్కడపడితే అక్కడ పోసి చేతులు దులుపుకోవడం. చట్టం కూడా ఆ మాటను అలాగే వాడింది. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లో 'డంప్ సైట్' అంటే, శాస్త్రీయంగా చెత్త పూడ్చే పద్ధతులు పాటించకుండా స్థానిక సంస్థ చెత్త వేసే స్థలం అని రాశారు. పాటించకుండా అన్నది నిర్వచనంలోనే ఉంది చూశారా! అవే నియమాల్లో 'డిస్పోజల్' అంటే శుద్ధి చేయగా చివరికి మిగిలినదాన్ని భూగర్భ జలం, నీరు, గాలి పాడుకాకుండా, పశువులు పక్షులు మూగకుండా సురక్షితంగా నేలకు చేర్చడం. ఒకే చెత్త, ఒకే నేల. ఒక మాట నేరాన్ని ఒప్పుకుంటుంది, ఇంకో మాట పద్ధతిని చెబుతుంది.

మీ రిజిస్టర్‌లో టన్నుల కొద్దీ తొక్కలు, టెంకలు 'డంప్' చేశామని రాసుంటే, విదేశాలకు గుజ్జు పంపే కంపెనీ మనిషికి ఏం తోచి ఉంటుంది? ఏదో వంకలోనో చెరువు గట్టునో పోసి వచ్చారనుకుంటాడు. నిజంగానే అలా పోసి ఉంటే మాట మార్చడం వల్ల లాభం లేదు, పని మార్చాలి. ఎరువుకో, పశువుల మేతకో, టెంక పప్పు తీసేవాళ్లకో పంపుతుంటే అదే రాయండి: ఫలానా తేదీన, ఇన్ని టన్నులు, ఫలానా పనికి, ఫలానావారికి. డబ్బులకు అమ్మితే అది చెత్త కూడా కాదు, బై-ప్రొడక్ట్. 'సోల్డ్' అని రాయడానికి మొహమాటమెందుకు? వ్యాపారంలో డంపింగ్‌కు ఇంకో అర్థం ఉంది, సొంత దేశంలో అమ్మే ధర కంటే తక్కువకు పరాయి దేశంలో సరుకు గుమ్మరించడం. యాంటీ డంపింగ్ సుంకం అన్నది దానిమీదే. ఎగుమతి చేసే ఫ్యాక్టరీ కాగితాల్లో ఈ మాటకు ఎంత దూరంగా ఉంటే అంత మంచిది.

స్క్రాప్ తేలిక. వస్తువుగా దాని పని అయిపోయింది, ఇక దాని లోహానికో ప్లాస్టిక్‌కో మాత్రమే విలువ ఉందని తేల్చి తుక్కు కింద తీసేయడం. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలను 2023 ఏప్రిల్ 1 నుంచి రోడ్డు మీద తిరగనివ్వకుండా తుక్కుకు పంపుతున్నారే, అది స్క్రాపింగ్. మీ సొట్ట డ్రమ్ములు ఇక డ్రమ్ములుగా పనికిరావని తీర్మానించి కిలోల లెక్కన ఇచ్చేస్తే, స్క్రాప్ అన్నదే సరైన మాట. డ్రమ్ములుగానే ఎవరికైనా అమ్మితే స్క్రాప్ కాదు. లోపల ఆహారం నిలవ చేసిన డ్రమ్ము బయట ఎవరి చేతికి, ఏ రూపంలో పోయిందో కొనుగోలుదారు అడగడం న్యాయమే. ఆ డ్రమ్ముల మీద వాళ్ల సరుకు పేరుంటే మరీను.

అన్నిటికన్నా బరువైన మాట మీరు కుళ్లిన కాయల దగ్గర వాడింది. 'ఎలిమినేట్' లాటిన్‌లో గడప అన్న మాట నుంచి వచ్చింది, గడప దాటించి బయటికి పంపడం దాని మొదటి అర్థం. పోటీల్లో ఎలిమినేషన్ అంటే అందుకే అది. ఇంతవరకు ఇబ్బంది లేదు. కానీ మీ రంగంలో ఇది పారిభాషిక పదం. ఆహార భద్రతకు ప్రపంచమంతా వాడే హాసప్ పద్ధతిలో ప్రమాదాన్ని అదుపు చేయడానికి మూడు మెట్లు చెప్పారు: అది రాకుండా ఆపడం, వచ్చినదాన్ని ఎలిమినేట్ చేయడం, అదీ కుదరకపోతే ఒప్పుకోదగిన స్థాయికి తగ్గించడం. ఎలిమినేట్ అంటే ఆ మెట్టు దాటాక ప్రమాదం ఇక లేదు అని హామీ ఇచ్చినట్టు. బెల్టు మీద కళ్లతో చూసి కుళ్లిన కాయలు ఏరేస్తే సూక్ష్మజీవులు మొత్తంగా పోయాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. వాటి సంగతి తర్వాత వేడి చేసే మెట్టు దగ్గర తేలుతుంది. మీరు ఏరడాన్ని ఎలిమినేట్ అని రాశారు, ఆయన రుజువు అడిగారు. ఇందులో ఇద్దరి తప్పూ లేదు. 'సార్టెడ్ అవుట్' అనో 'రిజెక్టెడ్' అనో రాస్తే ఏరేశామన్న నిజం మాత్రమే చెప్పినట్టవుతుంది.

దీని పక్కనే 'ఇరాడికేట్' ఉంది. అది వేరు అన్న మాట నుంచి వచ్చింది, అచ్చంగా మన కూకటివేళ్లతో పెకలించడం. వైద్యంలో ఈ రెంటికీ తేడాను చాలా కచ్చితంగా పాటిస్తారు. ఒక ప్రాంతంలో జబ్బు కొత్తగా రాకుండా చేస్తే ఎలిమినేషన్. లోకంలో ఎక్కడా లేకుండా చేస్తే ఇరాడికేషన్. ఇప్పటిదాకా ఆ రెండో మాటకు నోచుకున్న జబ్బులు రెండే: మనుషులకు మశూచి, 1980లో ప్రకటించారు. పశువులకు రిండర్‌పెస్ట్, 2011లో ప్రకటించారు. పాడి మీద బతికే మన జిల్లాకు ఆ రెండోది ఎంత పెద్ద సంగతో పాతతరం రైతులను అడిగితే చెబుతారు. పోలియో మన దేశంలో లేదని 2014లో ధ్రువపత్రం ఇచ్చారు, అయినా పిల్లలకు చుక్కలు వేస్తూనే ఉన్నారు. ప్రపంచంలో ఇంకా మిగిలి ఉంది కాబట్టి దానికి ఇరాడికేట్ అన్న మాట ఇంకా రాలేదు. కుష్ఠును 2005లో ఎలిమినేట్ చేశామని దేశం ప్రకటించినప్పుడు, పదివేల జనాభాకు ఒక కేసు కంటే తక్కువకు వచ్చిందన్నది దానర్థం. మొత్తం పోయిందని కాదు. జబ్బులను బట్టి ఎలిమినేషన్ అర్థం కూడా ఇలా మారుతుంటుంది కాబట్టి వార్త చదివేటప్పుడు ఏ లెక్క ప్రకారం అన్నారో చూసుకోవాలి.

మీ నాన్నగారి భూమి కాగితాలు పాతవైతే వాటిలో 'అబాలిషన్' అన్న మాట కూడా కంటపడుతుంది. 1948లో మద్రాసు రాష్ట్రం చేసిన ఎస్టేట్ల రద్దు చట్టం పేరులోనే అది ఉంది. కార్వేటినగరం, పుంగనూరు లాంటి జమీందారీలున్న జిల్లా కాబట్టి ఇక్కడి దస్తావేజుల్లో దాని ప్రస్తావన మామూలే. అబాలిష్ అన్నది ఒక వ్యవస్థను, ఒక ఆచారాన్ని చట్టబద్ధంగా రద్దు చేయడం. చట్టాన్నే రద్దు చేస్తే 'రిపీల్', 2021లో మూడు సాగు చట్టాలను వెనక్కి తీసుకున్నది రిపీల్ చట్టంతోనే. రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనం 'అబాలిష్' అయిందని చెబుతుంది. ఇరాడికేట్ అయిందని చెప్పలేదు. 1950 నుంచి చట్టంలో అది లేదు. ఊళ్లో ఉందో లేదో రెండు గ్లాసుల టీ అంగళ్ల గురించి వార్త చదివిన ప్రతివాళ్లకూ తెలుసు. రాజ్యాంగం రాసినవాళ్లు మాట ఎంచుకోవడంలో ఎంత జాగ్రత్తగా ఉన్నారో నాకు ఇలాంటి చోట్లే కనిపిస్తుంది.

బ్యాంకు మాట ఒకటి మీరు అడగకపోయినా చెబుతాను, రైతు ఇంటివాళ్లు కాబట్టి. 'వేవర్' అంటే రుణమాఫీ, 2008లో కేంద్రం చేసినట్టు. అప్పు తీరిపోయినట్టే. 'రైట్ ఆఫ్' అంటే బ్యాంకు తన లెక్కల పుస్తకంలోంచి ఆ బాకీని తీసేసుకోవడం మాత్రమే. అప్పు తీసుకున్నవాడు కట్టాల్సిందే, బ్యాంకు వసూలు చేసుకుంటూనే ఉంటుంది. ఇన్ని వేల కోట్లు రైట్ ఆఫ్ చేశారని పేపర్లో చదివి, మన బంగారు లోను కూడా అలా పోయిందేమో అనుకుని వాయిదాలు మానేయకండి.

'గెట్ రిడ్ ఆఫ్', 'త్రో అవే' ఇంట్లో మాట్లాడుకునే మాటలు. మొదటిదానిలో విసుగుంటుంది, పీడ విరగడైంది అన్న భావం. మనుషుల గురించి అంటే తిట్టినట్టే. రెండింటినీ రిజిస్టర్‌లోకి రానివ్వకండి.

ఇప్పుడు మీ మేనేజర్‌గారి సలహా. 'రిమూవ్' ఎవరినీ నొప్పించని మాటే, ఎందుకంటే అది ఏమీ చెప్పదు. ఉన్నచోటునుంచి తీశారు, అంతే. తీసి ఎక్కడ పెట్టారో, ఏం చేశారో అందులో లేదు. వాట్సాప్ గ్రూప్‌లోంచి ఒకరిని రిమూవ్ చేస్తే మనిషి నిక్షేపంగా ఉంటాడు, గ్రూప్‌లో ఉండడు. మెసేజ్‌ను అందరికీ 'డిలీట్' చేస్తే అది ఎవరి ఫోన్‌లోనూ చదవడానికి ఉండదు. ప్రభుత్వ ఉద్యోగంలో అయితే రిమూవ్ కూడా చిన్న మాట కాదు. రాజ్యాంగం 311వ అధికరణలో 'డిస్మిస్డ్', 'రిమూవ్డ్' అని రెండింటినీ విడివిడిగా రాశారు. క్రమశిక్షణ నియమాల ప్రకారం రిమూవ్ అయినవారికి మళ్లీ సర్కారు కొలువుకు దారి మూసుకుపోదు, డిస్మిస్ అయినవారికి మామూలుగా మూసుకుపోతుంది. మీ లైన్‌లో అయస్కాంతం పెట్టి ఇనుప ముక్కలు తీస్తారు చూడండి, అక్కడ రిమూవ్ చక్కగా నప్పుతుంది. మిగతా చోట్ల అన్నిటికీ అదే రాస్తే వచ్చే ఆడిట్‌లో ప్రశ్నలు తగ్గవు, పెరుగుతాయి. రిమూవ్ చేసి ఎక్కడ పెట్టారని అడుగుతారు.

పాత ఎంట్రీలు మార్చేయాలా అన్నారు. మార్చకండి. ఆడిటర్ చూసి వెళ్లిన పేజీ మీద మాటలు మారితే, మాటలు తప్పన్న చిన్న సమస్య పోయి రికార్డులు తారుమారు చేశారన్న పెద్ద సమస్య వస్తుంది. క్వాలిటీ రికార్డుల్లో 'ఇరేజ్' అన్న పని ఉండదు, రబ్బరుతో గానీ బ్లేడుతో గానీ. దిద్దాల్సి వస్తే పాత మాట కనిపించేలా దానిమీద ఒక్క గీత గీసి, పక్కన సరైన మాట రాసి, మీ పొడి సంతకం, దిద్దిన రోజు తేదీ, కారణం వేయండి. మేనేజర్‌గారి చేత కూడా అక్కడే సంతకం పెట్టించండి. కంపోస్ట్‌కు పంపిన తూకం చీటీలు, డ్రమ్ముల తుక్కు బిల్లులు దొరికితే వాటి నంబర్లు ఆ గీత పక్కనే రాయండి. వైట్‌నర్ డబ్బా ఆ టేబుల్ మీద ఉంటే ఇవాళే తీసేయండి. దాన్ని ఏ మాటతో రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు.